మూడో పడవ

మే 14, బుధవారం

పొద్దుటి నుంచి వాన. పక్కనున్న క్లినిక్‌కి బుధవారం ఒంటిపూట, కాబట్టి మా మందుల షాపుకీ ఒంటిపూటే. సెలవంటే అందరికీ సంతోషం. నాకు భయం. షాపులో ఉంటే, భోజనం తర్వాత వేసుకోండి, అని రోజుకి ముప్పై మందికైనా చెబుతాను. ఇంట్లో ఉంటే సాయంత్రానికి నా గొంతు ఎలా ఉంటుందో నాకే గుర్తుండదు.

ఎన్నాళ్లకీ ఆరని బట్టలు సంచిలో కుక్కుకుని సందు చివర, నాణేలు వేసి మెషీన్లు వాడుకునే కాయిన్ లాండ్రీకి వెళ్లాను. ఎప్పుడూ పొద్దున్నే వెళ్లి వచ్చేస్తాను కాబట్టి మధ్యాహ్నం అక్కడ మనుషులుంటారని తెలియదు. గోడవారన చిన్న బల్ల. దాని దగ్గర యజమానురాలు ఒరిబె గారు, ఎదురుగా ఒక టాక్సీ డ్రైవరు. ఇద్దరి మధ్యా చేతిలో పట్టేంత గేమ్ కన్సోల్. అరవై దాటిన ఆవిడా, యాభై దాటిన ఆయనా దాని మీద తలలు వంచి చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటున్నారు.

నేను డ్రైయర్ ముందు కూర్చుని నా బట్టలు గిరగిరా తిరగడం చూస్తున్నాను. కాసేపటికి ఆ డ్రైవరు గారు, ఏమ్మా, ఆ బట్టలెక్కడికీ పారిపోవులే, వాటికి కాపలా ఎందుకు, ఇలా వచ్చి కూర్చో, మాకు మూడో మనిషి కావాలి, అన్నారు. పేరు నుకుయి. ఒసాకా మనిషి. ఆ ఊరివాళ్లకి పరిచయం అక్కర్లేదు, ఏకంగా చనువే. ఒరిబె గారు మాత్రం, అయ్యో, ఆవిడకి ఏం పనులున్నాయో ఏమోనండి, బలవంతం చేయకండి, అన్నారు.

రమ్మన్నట్టా, వద్దన్నట్టా? క్యోటోకి వచ్చి మూడేళ్లయింది. ఈ ఊరి మాటకి అర్థం ఇప్పటికీ తెలియదు.

కూర్చున్నాను.

మే 15

ఆట సంగతి రాసి పెట్టుకుంటాను. లేకపోతే వచ్చే వారానికి మర్చిపోతాను. వచ్చే వారం ఉంటుందని అనుకుంటున్నానన్నమాట.

స్క్రీన్ మీద దేశం పటం. చుట్టూ సముద్రం, సముద్రం నిండా గళ్లు, అక్కడక్కడా రేవులు. తలా ఒక పడవ. బటన్ నొక్కితే పాచిక పడుతుంది. ఆట ఏదో ఒక రేవు పేరు చెబుతుంది, అందరం అక్కడికి పరుగెత్తాలి. లెక్క సరిగ్గా కుదిరితేనే రేవులో ఆగుతాం. ఒక్కటి ఎక్కువ పడినా దాటిపోయి మళ్లీ చుట్టూ తిరిగి రావాలి. దారిలో రేవుల్లో దుకాణాలు కొనుక్కోవచ్చు. చేపల అంగడి, నూడుల్స్ కొట్టు, సత్రం. ఒక వంతు అంటే ఒక నెల. పదేళ్ల ఆట పెట్టుకున్నారు, మూడో ఏడు నడుస్తోంది.

కన్సోల్ ఒక్కటే. నా వంతు అయిపోగానే, పక్కవారికి ఇవ్వండి, అని స్క్రీన్ మీద వస్తుంది. చేతి నుంచి చేతికి మారుతుంది. దారిలో ఆట ఇచ్చే ఎత్తుల చీట్లు ఎవరి దగ్గర ఏవున్నాయో మిగతావాళ్లు చూడకూడదు. అందుకని ఒకరు ఆడుతున్నంతసేపూ మిగతా ఇద్దరూ మొహాలు తిప్పుకుని వాషింగ్ మెషీన్లు చూస్తూ కూర్చోవాలి. ఎవరూ తొంగిచూడరు. నుకుయి గారు కూడా.

ఒకరు రేవు చేరగానే, అందరికంటే దూరంగా ఉన్నవాళ్ల పడవలోకి గొడుగు పట్టుకున్న ఒక బొద్దు నక్క వచ్చి కూర్చుంటుంది. పిలవని పేరంటం. ఆటలో దాని పేరు చుట్టం. నెలనెలా, మీకో మేలు చేశానండి, అంటూ మన దుకాణం ఒకటి కారుచౌకగా అమ్మేస్తుంది. లేదంటే ఊరందరికీ భోజనాలు చెప్పి బిల్లు మనకి పంపుతుంది. వదిలించుకోవాలంటే ఇంకొకరి పడవని రాసుకుంటూ వెళ్లాలి. అప్పుడు వాళ్ల పడవలోకి దూకుతుంది.

నేను రాకముందు మూడో పడవని కంప్యూటరు నడిపేదట. గెలుస్తూ కూడా ఉండేదట. దాని దగ్గర నుంచి నేను తీసుకున్నాను. గంటలో చివరి స్థానానికి తెచ్చాను. యంత్రమే నయం, అది నోరు మూసుకుని గెలిచేది, నువ్వు నోరు మూసుకుని ఓడిపోతున్నావ్, అని నుకుయి గారు.

ఇంటికి వచ్చాక అది గుర్తొచ్చి నవ్వాను. ఒక్కదాన్నే, వంటింట్లో.

మే 21, బుధవారం

బట్టలు పెద్దగా లేవు. రెండు తువ్వాళ్లు తడిపి పట్టుకెళ్లాను.

ఒరిబె గారికి ఈ కన్సోల్ బజారు లాటరీలో వచ్చిందట. ఏడాది చివర్లో దుకాణాల వీధిలో చక్రం తిప్పించే లాటరీ. బియ్యం బస్తా కోసం చక్రం తిప్పారట. ఇది రాగానే, బస్తా వచ్చినావిడని బతిమాలి మార్చుకోబోయారట. ఆవిడ ఒప్పుకోలేదట. అప్పుడు ఏడ్చానండి, ఇప్పుడు ఆవిడ ఏడవాలి, అన్నారు.

నా పడవ పేరు అడిగితే మొహమాటానికి మా ఊరి పేరు కొట్టాను. దాంతో ఇద్దరూ నన్ను అకితా అనే పిలుస్తున్నారు. హతాకెయామా అన్న నా అసలు పేరు వాళ్లకి తెలుసో లేదో.

చుట్టం ఇవాళంతా నా పడవలోనే ఉంది. అయినా ఒక రేవులో పెద్ద సత్రం కొన్నాను. నుకుయి గారు పగలబడి నవ్వి, మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె కావాలట, అన్నారు. మర్నెలే నక్క దాన్ని అమ్మేసింది. పక్కనే ఒరిబె గారి పడవ ఉంది. రాసుకుంటూ వెళితే నక్క వదిలిపోయేది. నేను వెళ్లలేదు. ఎందుకని నుకుయి గారు అడిగితే చూసుకోలేదన్నాను.

నిజం ఇక్కడ రాస్తాను. పడవలో ఇంకొకరుంటే బాగుంది.

మే 27

బుధవారం కానివన్నీ ఒకటే రోజు.

జూన్ 4, బుధవారం

ఇవాళ ఒరిబె గారు కన్సోల్ నా చేతికిస్తూ, మీకెంత ఓపికండీ, వారం వారం వస్తారు, అన్నారు. అప్పటి నుంచి మనసు బాగాలేదు. మెచ్చుకున్నారా? లేక ఇంకెన్నాళ్లొస్తావని అడిగారా?

ఈ ఊరు నాకు ముందే వాత పెట్టింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర కనిపించి, మీ అడుగులు ఎంత హుషారుగా వినిపిస్తాయండీ, అంది. ఎంత మంచి మనిషి అనుకున్నాను. రోజూ ఇంకాస్త హుషారుగా నడిచాను. నెల తర్వాత షాపులో సీనియర్ ఇమనిషి గారికి చెబితే ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. చప్పుడు చేయకుండా చావమని చెప్పిందమ్మా నీకు, అన్నారు. అప్పుడే ఇంకో పాఠం కూడా చెప్పారు. ఈ ఊళ్లో ఎవరింటికైనా వెళ్లినప్పుడు, బుబుజుకె తింటారా, అని అడిగారనుకో. అదే, అన్నం మీద వేడి టీ పోసుకుని తినేది. అడిగారంటే తినమని కాదు. పొద్దుపోయింది, ఇక లేవమని. వెంటనే లేచి చెప్పులు వేసుకోవాలి. తింటానన్నావా, ఊరంతా పదేళ్లు చెప్పుకుని నవ్వుతారు.

అప్పటి నుంచి నేను మేజోళ్లతో, మునివేళ్ల మీద నడుస్తున్నాను. ఇంట్లోనూ, మాటల్లోనూ.

జూన్ 11, బుధవారం

గెలిచాను! రేవు చేరాను, అందరికంటే ముందు. సరిగ్గా రెండు కావాలి, రెండే పడింది. టపాకాయలు, జెండాలు, డబ్బు వాన. చుట్టం గొడుగు ముడుచుకుని నుకుయి గారి పడవలోకి పోయింది. ఆయన, ఇంత తిని కూర్చున్న నక్కని నాకు అంటగడతావా, నీ కడుపు మాడ, అని అరిచారు. ఒరిబె గారు చప్పట్లు కొట్టారు. మెషీన్లో దుప్పట్లు వేసుకోవడానికి వచ్చిన ఎవరో కుర్రాడు కూడా ఏంటో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

మొన్న ఏరియా మేనేజర్ ఫోన్ చేశారు. ఇక్కడ మూడేళ్ల గడువు అయిపోయిందట. క్యోటోలోనే ఉంటారా, ఉత్తరాన ఎక్కడైనా ఖాళీ చూడమంటారా, నెలాఖరులోగా చెప్పండి, అన్నారు. పోయిన ఏడాది అడిగి ఉంటే ఆ ఫోన్లోనే పంపించేయమనేదాన్ని. అకితాలో నాకు ఎవరూ మిగల్లేదు, ఇక్కడా ఎవరూ లేరు, ఎక్కడైనా ఒకటే కదా అని.

ఇప్పుడు ఒకటే కాదు. ఇక్కడే ఉంటానని చెబుతాను. మేనేజర్ కారణం అడిగితే ఏం చెప్పాలి? బుధవారాలు, అని చెప్పనా?

జూన్ 18, బుధవారం

రాయాలని లేదు. రాస్తాను.

నుకుయి గారు తొందరగా వెళ్లిపోయారు, పెళ్లివారి బేరం ఏదో ఉందట. మేమిద్దరమే మిగిలాం. ఆట ఆపలేదు. ఆయన వంతు రాగానే ఒరిబె గారు ఆయన గొంతు పెట్టి, నీకు సిగ్గు లేదా పెద్దమ్మా, అంటూ పాచిక వేశారు. నాకు పొట్ట చెక్కలయింది. ఎప్పుడు ఆరు దాటిందో తెలియలేదు. నా బట్టలు ఇంకా డ్రైయర్లోనే ఉన్నాయి.

అప్పుడు ఆవిడ లాండ్రీ వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, చేతులు తుడుచుకుంటూ అన్నారు. అకితా గారూ, కాస్త బుబుజుకె తింటారాండీ?

చెవులు వేడెక్కాయి. అయ్యో, పొద్దుపోయింది, చూసుకోలేదండీ, క్షమించండి, అంటూ లేచాను. బల్ల కింద వదిలిన చెప్పులు వేసుకున్నాను. వంగి దణ్ణం పెట్టాను. ఆవిడ ఏదో అనబోయి, అలాగేనండి, దారి జాగ్రత్త, అన్నారు. నా చేతిలో ఉన్న కన్సోల్ బల్ల మీద పెట్టేసి వచ్చాను. నా వంతు.

సందు మొదటికి వచ్చాక గుర్తొచ్చింది, బట్టలు డ్రైయర్లోనే వదిలేశానని. వెనక్కి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

తప్పు ఆవిడది కాదు. అయిదు వారాలుగా పట్టుకుని వేలాడుతున్నాను. ఆవిడ ఎంత మర్యాదగా చెప్పాలో అంత మర్యాదగా చెప్పారు. చుట్టం ఎవరో తెలుసుకోలేకపోయానంతే.

జూన్ 19

ఇంకా ఎవరూ రాకముందే వెళ్లి బట్టలు తెచ్చుకున్నాను. బుట్టలో మడతపెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఉన్నాయి. నా లోపలి బట్టలు కూడా మడతపెట్టారు. నా మడతలకంటే సన్నగా, చక్కగా.

నీ సామాను తీసుకుపో అని ఇంకెంత స్పష్టంగా చెబుతారు.

జూన్ 25, బుధవారం

వెళ్లలేదు. బట్టలు స్నానాల గదిలో ఆరేశాను. ఇల్లంతా ముక్కిపోయిన వాసన. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

మధ్యాహ్నం ఫోన్లో అలాంటి ఆటే ఒకటి దించుకుని చూశాను. మూడు పడవల్నీ నేనే ఆడాను. ప్రతి వంతుకీ, పక్కవారికి ఇవ్వండి, అని వచ్చింది. కుడి చేతి నుంచి ఎడమ చేతికి ఇచ్చుకున్నాను. మొహం తిప్పుకోవలసిన అవసరం లేకపోయింది. ఒక ఏడాదైనా పూర్తి చేయలేకపోయాను.

జూన్ 30

మేనేజర్‌కి చెప్పేశాను. ఉత్తరాన ఎక్కడైనా ఫరవాలేదు అన్నాను. ఇక్కడ అలవాటు కాలేదా అని ఆయన అడిగారు. బాగా అలవాటయిందండీ, అన్నాను. నిజమే. ఈ ఊరి మాట ఇప్పుడు నాకు ఒక్కసారికే అర్థమవుతోంది.

జూలై 3

ఒరిబె గారు షాపుకి వచ్చారు. నా కౌంటరే పడింది.

మందుల చీటీ ఇచ్చారు. బీపీ మాత్రలు పాతవే. నిద్రమాత్రలు కొత్తగా రాశారు. పడుకునే ముందు ఒకటండి, దాని మీద టీ తాగకండి, అన్నాను. ఆవిడ తల ఊపారు. సంచి సర్దుకున్నారు. వెళ్లలేదు. తర్వాత, మీకు పనులెక్కువై ఉంటాయి లెండి, అన్నారు.

అవునండి, ఒకరోజు తప్పకుండా వస్తానండి, అన్నాను. ఈ ఊళ్లో అలా అన్నారంటే ఇక రారని అర్థం. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పుడైనా సరేనండి, అన్నారు. దానికి అర్థం, రాకపోయినా సరే అని.

ఇద్దరం వంగి దణ్ణాలు పెట్టుకున్నాం. ఎంత మర్యాద! వెనకనున్న ఇమనిషి గారు, చూశావా, ఇప్పుడు నువ్వు అచ్చం ఈ ఊరిదానివైపోయావ్, అని మెచ్చుకున్నారు.

బాత్రూంలోకి వెళ్లి నీళ్ల కుళాయి తిప్పి ఏడ్చాను. కుళాయి ఎందుకు తిప్పానో. చప్పుడవుతుందని కాబోలు.

జూలై 9

నీగాతా. ఉత్తరాన అక్కడి షాపుకి బదిలీ. ఆగస్టు ఒకటిన చేరాలి.

జూలై 16, బుధవారం

వరసగా రాయాలి.

పండగ వారం. ఊరేగింపు రథాల కోసం వీధులు మూసేశారు, బస్సులన్నీ దారి మార్చాయి. ట్రైనింగ్ ఉందని నగరం మధ్యకి వెళ్లి, తిరిగి రావడానికి బస్సు స్టాపులో నిలబడ్డాను. ఒక టాక్సీ ఆగింది. నుకుయి గారు. పండగ కాబట్టి ఈ బుధవారం ఆయనకి సెలవు లేదు. ఎక్కు, అన్నారు. డబ్బులు లేవన్నాను. నేనడిగానా, అన్నారు. మీటరు వేయలేదు.

అద్దంలో నా మొహం చూస్తూ అడిగేశారు. ఏమ్మా, పెద్దమ్మ నిన్నేం చేసింది? కొట్టిందా, తిట్టిందా? నెల రోజులుగా మొహం చూపించకుండా పోయావే?

బుబుజుకె సంగతి చెప్పాను. ఇది క్యోటో కదండీ, నాకు అర్థమైంది, లేచి వచ్చేశాను, అన్నాను.

ఆయన బండి పక్కకి ఆపేశారు. వెనక హారన్లు.

క్యోటో ఏంటమ్మా నీ మొహం, అన్నారు. ఆవిడది క్యోటో అని నీకెవరు చెప్పారు? ఫుకుయి సముద్రం పక్కన చేపల పల్లె ఆవిడది. పెళ్లయి వచ్చింది. వచ్చి నలభై ఏళ్లు దాటింది, మొగుడు పోయి పదేళ్లు దాటింది, ఈ సందులోవాళ్లు ఇంకా బయటి మనిషనే అంటారు. అందుకే గదా దిక్కుమాలిన లాండ్రీలో నాలాంటి వాడితో ఆడుకుంటోంది. ఊరి నుంచి తమ్ముడు హెషికో పంపాడు. తవుడులో ఊరేసిన చేప, ఏడాది ఊరాలి. దాన్ని కాల్చి అన్నంలో పెట్టుకుని పైన వేడి టీ పోసుకుంటేనే రుచి. అకితా గారు ఉత్తరాది మనిషి, ఉప్పు చేప ఇష్టంగా తింటారు, అని నీ కోసం దాచింది. నేనడిగితే తోక కూడా పెట్టలేదు. ఆ రోజు కాల్చి, అన్నం వండి, రెండు గిన్నెలు పెట్టుకుని, తింటావా అని అడిగింది. తింటావా అంటే తింటావా అనే. ఇంకేం అర్థం ఉంటుంది దానికి?



ఆట నీ వంతు దగ్గరే ఆగింది, అన్నారు. యంత్రానికి ఇచ్చేద్దాం అని నేను పెద్దమ్మతో అన్నాను. ఒప్పుకోలేదు. వస్తారు, వచ్చి ఆడతారు, అంటుంది. నెల రోజులుగా నేనూ ఆవిడా ఆ బల్ల దగ్గర కూర్చుని, ఆట లేకుండా, ఊరికే వాషింగ్ మెషీన్లు చూస్తున్నాం. ఏం తప్పు మాట్లాడానో చెప్పండి నుకుయి గారూ, అని నన్ను అడుగుతుంది. నాకేం తెలుసు?

ఇల్లు వచ్చింది. దిగుతుంటే మొహమాటం మీద ఒక సామెత చెప్పారు. అది ఇక్కడ రాయను.

జూలై 17

మేనేజర్‌కి ఫోన్ చేశాను. బదిలీ వద్దండీ, ఇక్కడే ఉంటాను, అన్నాను. మీ స్థానంలో వచ్చే అమ్మాయి ఇప్పటికే ఇల్లు అద్దెకి తీసుకుంది హతాకెయామా గారూ, అన్నారు. మీరే కదండీ ఎక్కడైనా ఫరవాలేదన్నారు, అన్నారు.

అన్నాను. ఆయన నా మాటని మాటగా తీసుకున్నారు. ఏం తప్పు పట్టను.

జూలై 23, బుధవారం

వెళ్లాను. బట్టలు తీసుకెళ్లలేదు. వట్టి చేతులతో వెళ్లాను, ఆడటానికే వచ్చానని తెలియాలని.

ఒరిబె గారు లేచి నిలబడ్డారు. రండి రండి, ఎంత ఎండండీ, అన్నారు, ఏమీ జరగనట్టు. నేను కూడా, అవునండి, చాలా ఎండ, అన్నాను. అలాగే ఇంకో గంట ఎండ గురించే మాట్లాడుకునేవాళ్లం. నుకుయి గారు బల్ల మీద ఒక్కటి చరిచి, పెద్దమ్మా, ఈవిడ నువ్వు పొమ్మన్నావనుకుంది, బుబుజుకె అన్నావు గదా, క్యోటో ఆవిడవనుకుంది నిన్ను, అని మొత్తం కక్కేశారు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు.

వచ్చిన కొత్తలో వీళ్ల మాటలకి భయపడి చచ్చేదాన్నండి, అన్నారు. మా అత్తగారు బాగుంది అంటే ఏం బాగాలేదోనని రాత్రంతా ఆలోచించేదాన్ని. పాతికేళ్ల పిల్లని, ఏడ్చుకోవడానికి కూడా చోటు ఉండేది కాదండి, ఈ మెషీన్లు తిరుగుతుంటే ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. మా ఊళ్లో దాన్ని టీ అన్నం అనేవాళ్లం. బుబుజుకె అనడం ఎప్పుడు అలవాటయిందో నాకే తెలియదండి. చూడండి అకితా గారూ. నా మాటకీ ఒకరు భయపడే రోజు వచ్చింది.

నేను కుళాయి సంగతి చెప్పాను. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. నుకుయి గారు మొహం తిప్పుకుని వాషింగ్ మెషీన్లు చూశారు.

తర్వాత బదిలీ సంగతి చెప్పాను. డ్రైయర్ ఆగిన గంట మోగింది. ఒరిబె గారు కన్సోల్ తీసి నా చేతిలో పెట్టారు. మీ వంతండి, అన్నారు.

హెషికో ఏమైందని అడిగాను. నుకుయి గారు తినేశారట. తోకతో సహా.

జూలై 30, బుధవారం

ఆఖరి బుధవారం. గబగబా ఆడాం, అయినా ఏడో ఏడు దాటలేదు. పదేళ్లు పూర్తి చేయాలంటే ఇంకా చాలా వారాలు కావాలి. చుట్టం మళ్లీ నా పడవలోకే వచ్చింది. ఈసారి వదిలించుకుందామని గట్టిగా ప్రయత్నించాను. కుదరలేదు.

లేచేటప్పుడు నుకుయి గారు, సరే, మూడో పడవ యంత్రానికి ఇచ్చేద్దాం, అది మళ్లీ మొదటికి తెచ్చి పెడుతుంది, అన్నారు. ఒరిబె గారు వినిపించుకోలేదు. మరేం చేస్తావు, సముద్రం మధ్యలో నిలబెడతావా, అని ఆయన. నిలబెడతానండి, అని ఆవిడ. అదేమైనా తింటుందా, తాగుతుందా?

సందు మొదటి దాకా వచ్చి సాగనంపారు. మళ్లీ రండి, అన్నారు. ఈ ఊళ్లో అందరూ అందరికీ చెప్పే మాట. నేను ఆగి, నిజంగానా అండీ, అని అడిగేశాను. ఇక్కడ ఎవరూ ఎవరినీ అలా అడగరు. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయారు.

నిజంగానేనండి, అన్నారు.

ఆగస్టు 2, నీగాతా

గదికి దక్షిణం వైపు వసారా. సముద్రం గాలి. బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. ఏం లాభం.

ఆగస్టు 6, బుధవారం, మధ్యాహ్నం

ఫోన్. ఒరిబె గారు. మీ వంతండి, అన్నారు.

చీట్లు చదవమంటారా అని గుసగుసగా అడిగారు. వద్దు, పాచిక వేసేయండి, అన్నాను. రేవు చేరాలంటే సరిగ్గా నాలుగు కావాలి.

నాలుగే పడిందట.

నమ్మాను.